నిచ్చెన ఖర్చు ఎవరిస్తారు?

మొన్న ఆదివారం పొద్దున మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి (యాభై దాటినా మేం ఒకళ్లనొకళ్లం అమ్మాయిలనే అనుకుంటాం లెండి) మేం చదువుకున్న కోఠీ రెసిడెన్సీ ఫొటోలు, బాగుచేశాక తీసినవి, పెట్టింది. తెల్లగా మెరిసే స్తంభాలు, మెట్లకి అటూఇటూ సింహాలు, వెనకాల వాన వెలిసిన ఆకాశం, మొత్తానికి పెళ్లి ముస్తాబులో ఉన్న ఇల్లులా ఉంది. వరసపెట్టి దండాలు, గుండె బొమ్మలు, "ఆ మెట్ల మీదే కదే మనం మిర్చీబజ్జీలు తిన్నది" లాంటివి. ఓ పావుగంట తర్వాత ఇంకొకామె రాసింది, "బానే ఉంది గానీ, ఇంత డబ్బు పోసి పాత గోడలకి సున్నం పూసే బదులు అదే డబ్బుతో ఏసీ క్లాస్‌రూములతో కొత్త బ్లాకు కట్టొచ్చు కదా, పిల్లలకి పనికొచ్చేది." దానికి కింద మరొకామె, "అదే, పైన సోలార్ పెట్టి గ్రీన్ బిల్డింగ్ చేస్తే ఇంకా బెటర్."

నేను జవాబు టైప్ చేయడం మొదలుపెట్టా. నాలుగు స్క్రీన్లయింది. గ్రూపులో అంత పెద్ద మెసేజ్ పెడితే ఎవరూ చదవరు, పైగా గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య నా ఉపన్యాసం ఎందుకని కొట్టేశా. కొట్టేసినా కడుపులో ఉండిపోయింది, అందుకే ఇక్కడ.

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే "నీకేం తెలుసు" అంటారు. నేను ఇంజినీర్ని కాదు, ఆర్కిటెక్ట్‌ని అంతకన్నా కాదు. బీకాం చదివి ఇరవై నాలుగేళ్లుగా ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో బిల్లులు చూస్తున్నా. ఎంబీలో, అంటే సైట్లో కొలతలు ఎక్కించే పుస్తకంలో రాసిన లెక్కలు, టెండర్‌లో ఉన్న ఐటమ్‌లు, వచ్చిన సిమెంటు బస్తాల లెక్క, ఈ మూడూ కలుస్తున్నాయా లేదా చూసుకోవడం నా పని. అంటే బిల్డింగు ఎలా నిలబడుతుందో నాకు తెలీదు గానీ దేనికి డబ్బు వస్తుందో, దేనికి రాదో మాత్రం బాగా తెలుసు. నేను చెప్పబోయేది కూడా అదే, చివరికి.

ఆ భవనం సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం. హైదరాబాద్‌లో 1798లో ఈస్టిండియా కంపెనీ వాళ్ల రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో వాళ్ల ప్రతినిధి, అయిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కట్టించుకున్న బంగ్లా అది. 1803 ప్రాంతంలో పని మొదలైంది. ప్లాన్ గీసింది మద్రాసు ఇంజినీర్స్‌లో లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. డబ్బు మాత్రం నిజాం గారిది. హైదరాబాదీ అమ్మాయి ఖైరున్నీసాని పెళ్లి చేసుకున్న ఆ కిర్క్‌పాట్రికే, అవును, మీరందరూ విన్న ప్రేమకథ తాలూకు మనిషే. దాన్లో ఎక్కువ రోజులు ఉండే రాత కూడా లేదతనికి, 1805లో కలకత్తాలో పోయాడు. ఆ తర్వాత వరసగా రెసిడెంట్లు, 1947 దాకా. 1949లో మా విమెన్స్ కాలేజీ అక్కడికి వచ్చింది. కాలేజీ అంతకు ముందు నుంచే ఉంది, 1924లో నాంపల్లిలో మొదలైంది. 2022లో యూనివర్సిటీ అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. నాకు ఇది తలుచుకుంటే లోపల్లోపల నవ్వొస్తుంది. లాట్‌సాబులు దిగే ఇంటి గేటు మీద ఐలమ్మ పేరు. నా దృష్టిలో ఆ బిల్డింగుకి జరిగిన అన్ని రిపేర్లలోకీ అదే పెద్ద రిపేరు.

ఆ ప్లాన్ గురించి ఒక కథ చెప్తారు. కిర్క్‌పాట్రిక్ పెద్ద కాయితం మీద గీయించిన ప్లాన్ పట్టుకుని నిజాం దగ్గరికి వెళ్తే, నిజాం చూసి కుదరదన్నాడట. ఇతను దిగులు పడుతుంటే దర్బారు సంగతులు తెలిసినవాళ్లు నవ్వి, అంత పెద్ద కాయితం చూసి భయపడ్డాడయ్యా, చిన్నది చేసి చూపించు అన్నారట. అదే ప్లాన్‌ని చీట్లపేక ముక్కంత కార్డు మీద గీసి తీసుకెళ్తే సంతోషంగా ఒప్పుకున్నాడట. నిజమో కాదో గానీ, నాకు బాగా నచ్చిన కథ ఇది, ఎందుకంటే మా ఆఫీసులో ఇరవై నాలుగేళ్లుగా నేను చూస్తున్నది దీనికి పూర్తిగా ఉల్టా. ఇప్పుడు పెద్ద కాయితం పట్టుకెళ్తేనే సంతకం అవుతుంది. కోట్లలో ఎస్టిమేట్, రంగుల్లో త్రీడీ బొమ్మ, శంకుస్థాపన రాయి, అన్నీ అయిపోతాయి. "నిచ్చెన ఒకటి, ఇద్దరు మనుషులు, నాలుగు రోజులు, వానలకి ముందు తూములు శుభ్రం చేయాలి" అని చిన్న కాయితం మీద రాసి పంపండి చూద్దాం. దానికి హెడ్డు దొరకదు. ఏ పద్దు కింద రాయాలో తెలీక ఆ కాయితం ఫైల్లోనే ఉండిపోతుంది, ఈలోగా వానలొస్తాయి.

పాత బిల్డింగుల్ని చంపేది నీళ్లు. వయసు కాదు. ఆ కాలపు మిద్దెలు ఎలా వేసేవాళ్లంటే టేకు దూలాలు, వాటి మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, పైన డంగు సున్నం దిమ్మిస కొట్టి గట్టిపరిచేవాళ్లు. నీళ్లు వాలుకి తగ్గట్టు తూము దాకా వెళ్లిపోతే వందేళ్లయినా దానికేం కాదు. తూములో ఆకులు అడ్డం పడితే, నీళ్లు ఓ మూల నిలిస్తే, ఆ నీళ్లు సున్నం పగుల్లోంచి దిగి దూలం చివర, అంటే గోడలోపల దాక్కున్న భాగం ఉంటుంది చూడండి, అక్కడికి చేరతాయి. దూలం చివర కుళ్లిందని కింద నించున్న మనిషికి ఎలా తెలుస్తుంది? తెలిసేసరికి గది మూసేసి తాడు కట్టాల్సి వస్తుంది. ఆకులు తీయడానికి ఆ రోజు ఇద్దరు కూలీలకి ఇవ్వాల్సిన డబ్బు ఎంతో, ఇప్పుడు దూలం మార్చడానికి ఎంతో, మీరే వేసుకోండి లెక్క.

ఇంకొకటి రావిమొక్క. దీని గురించి ఒక్క నిమిషం మాట్లాడాలి. కాకి వేసిన గింజ ఎక్కడో కార్నీసు సందులో పడి మొలుస్తుంది, మొదటి ఏడాది రెండాకులు, చేత్తో పీకితే వచ్చేస్తుంది. కానీ మనవాళ్లు పీకరు. రావిచెట్టు కదా, పాపం. ఎవరికి వాళ్లు ఇంకొకళ్లు పీకుతారులే అనుకుంటారు. మూడేళ్లకి దాని వేరు గోడలోపల సున్నం తింటూ ఇటుకల మధ్య నుంచి దారి చేసుకుని పోతుంది, అప్పుడు పీకితే చెట్టుతో పాటు కార్నీసూ వస్తుంది. భక్తి ఉంటే కుండీలో నాటండి, ప్రదక్షిణలు చేయండి, నాకేం అభ్యంతరం లేదు, నేనే వస్తా నీళ్లు పోయడానికి. గోడలో మాత్రం వద్దు.

సరే, "సున్నం పూసే బదులు" అంది కదా మా ఫ్రెండు, ఆ మాట దగ్గరికి వస్తా. నేనూ ఒకప్పుడు సరిగ్గా ఇలాగే అనుకున్నదాన్నే. మా అమ్మమ్మగారి ఊరు నల్గొండ దగ్గర, అక్కడ భవంతి ఇల్లు ఉండేది, మధ్యలో ఆకాశం కనపడే వాకిలి, చుట్టూ గూనపెంకుల పడసాల, మూరన్నర మందం గోడలు. తాత పోయాక గోడ అడుగున చౌడు పట్టి సున్నం పొడిపొడిగా రాలుతుంటే, అప్పటికి ఆఫీసులో చేరి రెండేళ్లయింది నేను, నాకు సిమెంటంటే దేవుడితో సమానం, ఊరికి వెళ్లి అందరి ముందూ పెద్ద ఆరిందాలా చెప్పా, నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే ఇంక జన్మలో చూడక్కర్లేదని. డబ్బు కూడా నేనే ఇచ్చా. ఊళ్లో ఉన్న ముసలి మేస్త్రి ఒకాయన వచ్చి చూసి, "సిమెంటు కొడితే గోడకు చెమట పొయ్యే తొవ్వ ఉండదు బిడ్డా" అన్నాడు. అందరం నవ్వాం. నేనైతే గట్టిగానే నవ్వాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండు వానాకాలాలు గడిచాయి. సిమెంటు అలాగే ఉంది, నున్నగా, రాయిలాగా. చెమ్మ మాత్రం అది దాటి ఆరడుగుల ఎత్తుకి ఎక్కింది. దేవుడి పటాల వెనక గోడ ఉబ్బింది. ఎక్కడో ఒకచోట కొట్టి చూస్తే డొల్ల శబ్దం, సిమెంటు పెచ్చు పలకలాగా ఊడి వచ్చింది, దాని వెనక ఇటుక లేదు, ఎర్ర పొడి ఉంది. నేల నుంచి ఎక్కే తడి ఇదివరకు సున్నంలోంచి మెల్లగా బయటికి పోయేది, పోతూ ఉప్పుని సున్నం పైపొర మీద వదిలేసేది, సున్నం రాలేది, రెండేళ్లకోసారి మళ్లీ పూసేవాళ్లు. అంటే రాలడమే సున్నం పని అన్నమాట. అది రాలి ఇటుకని కాపాడేది. నేను దానికి గట్టి తొడుగు వేసి, రాలాల్సింది ఇటుకే అయ్యేట్టు చేశా. ఆ వైపు గోడ మొత్తం దింపేయాల్సి వచ్చింది తర్వాత. అమ్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టం.

కాబట్టి రెసిడెన్సీ లాంటి చోట సున్నంతో పని చేశారంటే అది పాతకాలపు మోజు కాదు. ఇటుకా సున్నంతో కట్టినదానికి సిమెంటు అతుకు వేస్తే అతుకు మిగిలి గుడ్డ చిరుగుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు చేసిన పనిలో పెద్ద భాగం ఏంటో తెలుసా, అంతకు ముందు ఎవరెవరో మంచి ఉద్దేశంతో పూసిన సిమెంటుని గీకి తీసేయడం. తీసేసి మళ్లీ సున్నం. 2019లో చార్మినార్ మినార్ మీంచి గచ్చు పెచ్చు ఊడి పడ్డప్పుడు పురావస్తు శాఖ వాళ్లు మళ్లీ సున్నంతోనే సరిచేశారు.

ఈ సున్నం పని చూడటానికి ఒకసారి సెలవు పెట్టి మరీ వెళ్లా నేను, ఊరి పేరు వద్దులెండి, ఒక పాత గుడి దగ్గర జరుగుతుంటే. కాల్చిన సున్నంరాయి మీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగి పొగలు కక్కుతుంది, ఆ వేడి తగ్గాక తడిలోనే రోజుల తరబడి నానబెడతారు, తర్వాత ఇసక, ఇటుక పొడి కలిపి గానుగలో వేసి రుబ్బుతారు. ఇదివరకు ఎద్దులు తిప్పేవి, అక్కడ మోటారు. కరక్కాయలు నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు పక్కన డ్రమ్ముల్లో ఉన్నాయి. మారేడు గుజ్జు, మినప్పిండి కూడా కలిపేవాళ్లని చెప్పారు. "ఇడ్లీ పిండి లెక్కనే మేడం, రుబ్బినకొద్దీ మంచిగ వస్తది" అన్నాడు అక్కడ పనిచేసే కుర్రాడు. రుబ్బుడు ఎప్పుడు చాలో ఎలా తెలుస్తుందంటే తాపీ మీదకి తీసి తిరగేసి చూపించాడు, పడలేదు. అదే టెస్టు. మా ఆఫీసులో ఇన్నేళ్ల బిల్లుల్లో నేను సున్నం పని ఐటమ్ ఒక్కటంటే ఒక్కటి చూడలేదు, ఆ పిల్లాడి పనికి రేటు ఎలా కట్టాలో కూడా నాకు తెలీదు.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి, లేకపోతే వాదన వంకర అవుతుంది. సున్నం పుణ్యం సిమెంటు పాపం అని చాలామంది పర్యావరణ ప్రేమికులు రాస్తారు, అంత తేలిక కాదు. సున్నంరాయిని కాల్చినా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆ రాయిలో బరువుకి 44 శాతం అదే ఉంటుంది మరి. సున్నం బట్టీకి 900 డిగ్రీలు సరిపోతే సిమెంటు కిల్న్‌కి 1450 కావాలి, అదొక తేడా. పూసిన సున్నం ఏళ్ల తరబడి గాల్లోంచి ఆ వాయువుని తిరిగి పీల్చుకుంటూ మళ్లీ రాయి అవుతుంది, అది రెండో తేడా. కానీ నాకు అసలు తేడా మూడోది. సున్నంతో కట్టిన గోడ విప్పితే ఇటుకలు ఇటుకలుగానే చేతికొస్తాయి, గీకి మళ్లీ పేర్చుకోవచ్చు. సిమెంటు గోడ పగలగొడితే వచ్చేది మలబా, ఎందుకూ పనికిరాని శిథిలాల చెత్త. మా సైట్ల నుంచి రాత్రిపూట లారీలెక్కి పోయే ఆ మలబా ఎక్కడికి పోతుందో, ఏ చెరువు గట్టున పడుతుందో హైదరాబాద్‌లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు తయారీ వల్లే వస్తుంది. ఒక్క సరుకు అంత. అంటే కొత్త బ్లాకు కట్టి, పైన సోలార్ పలకలు పెట్టి, లోపల ఎల్ఈడీ బల్బులు వేసి "గ్రీన్" అని సర్టిఫికెట్ తగిలించే నాటికే ఆ బ్లాకు నెత్తిన బోలెడంత అప్పు ఉంటుంది, ఇటుకల బట్టీ బొగ్గు, స్టీలు, సిమెంటు, లారీల డీజిల్ అన్నీ కలిపి. ఆ అప్పు తీరడానికి ఏళ్లు పడుతుంది. రెసిడెన్సీ అప్పు ఎప్పుడో తీరిపోయింది. రెండు వందల ఏళ్ల కింద కాల్చిన ఇటుకలవి. ఇంటి లోను కట్టేసిన ఇంటిని కూల్చి, మళ్లీ లోను తీసుకుని, "కొత్త ఇంట్లో కరెంటు బిల్లు తక్కువ వస్తుంది" అన్నట్టుంటుంది మా వాళ్ల లెక్క.

గ్రీన్ బిల్డింగులంటే నాకు పడదని కాదు. మన హైదరాబాద్‌లోనే హైటెక్ సిటీ దగ్గర సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ సెంటర్ ఉంది కదా, 2004లో కలాం గారు ప్రారంభించారు, అమెరికా బయట లీడ్ ప్లాటినం, అంటే గ్రీన్ బిల్డింగులకి ఇచ్చే అన్నిటికన్నా పై రేటింగు, వచ్చిన మొదటి బిల్డింగు అదే. అందులో ఏముంది? మధ్యలో ఖాళీ వాకిలి, చుట్టూ గదులు, ఎండని విరగ్గొట్టే జాలీ గోడలు, పైకప్పు మీద గడ్డి. మా అమ్మమ్మ భవంతి చూసినవాళ్లకి అందులో సగం తెలిసిన సంగతే. మరి అవే సూత్రాలతో ముందే కట్టి ఉన్నవాటిని కూల్చి వాటి స్థానంలో గాజు పెట్టెలు కట్టి, వాటిని చల్లబరచడానికి ఏసీలు పెట్టి, ఆ ఏసీలకి సోలార్ పెట్టడం ఏంటో నాకు అర్థం కాదు.

రెసిడెన్సీలో మేం చదువుకునేటప్పుడు, తొంభైల మొదట్లో, ఏప్రిల్ నెల మధ్యాహ్నం కోఠీలో పుస్తకాల బళ్ల దగ్గర నిలబడి బేరమాడి, ఎండకి మొహం మాడి లోపలికి వచ్చి ఆ మెట్లెక్కి వరండాలోకి అడుగుపెడితే ఎవరో తడిగుడ్డ మొహాన వేసినట్టుండేది. పెద్ద కారణమేం లేదు. గోడ మందం వల్ల పగటి వేడి లోపలికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, అప్పటికి కిటికీలు తెరుచుకుంటాయి, కప్పు ఎత్తు కాబట్టి వేడి గాలి మన తలల పైనే ఉండిపోతుంది, ఉత్తరం వైపు పోర్టికో కాబట్టి ఎండ మొహం మీద కొట్టదు. హైదరాబాద్ లాంటి చోట, పగలు 40 దాటినా రాత్రికి గాలి తిరిగే చోట, ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ కిటికీలకి అడ్డంగా ప్లైవుడ్ కొట్టి, ఫాల్స్ సీలింగ్ దించి, స్ప్లిట్ ఏసీ పెట్టారనుకోండి, ఆ బిల్డింగు ఊపిరితిత్తుల్లో గుడ్డలు కుక్కినట్టే. పైగా ఏసీ నీళ్ల గొట్టం గోడ మీదే కారుతూ ఉంటుంది. మన ఊళ్లో పాత బిల్డింగు ఏదైనా చూడండి, ఆ పచ్చటి నాచు చార కనిపిస్తుంది.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ సంగతి వేరు, అది గ్రానైటు. 1934లో పునాది, 1939 డిసెంబరు 4న ప్రారంభం, బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్ డిజైను, అంతకు ముందు జైన్ యార్ జంగ్‌నీ సయ్యద్ అలీ రజానీ దేశదేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారు. దాన్ని చూసి మనం "రాయి కదా, దానికేం కాదు" అనుకుంటాం. రాయికి కాదు, రాయికీ రాయికీ మధ్య సందుకి అవుతుంది, పైకప్పుకి అవుతుంది. అక్కడా చివరికి అదే నిచ్చెన, అదే తూము, అదే రావిమొక్క.

మా గ్రూపులో ఇంకో అభ్యంతరం రాలేదు గానీ బయట చాలాసార్లు విన్నా. తెల్లదొర బంగ్లా, బానిసత్వపు గుర్తు, దాన్ని ఎందుకు కాపాడాలి? 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే కదా. అవును, దీని మీదే. అందుకే ఉండాలంటాను. ఆ గేటు, ఆ గోడ లేకపోతే తుర్రేబాజ్ ఖాన్ ఎటు నడిచాడో పిల్లలకి వేలెత్తి ఎలా చూపిస్తాం? పైగా కట్టించింది దొరే గానీ, డబ్బు ఈ రాజ్యం ప్రజల శిస్తు, కట్టిన చేతులు ఇక్కడివి. దూరం నుంచి పాలరాయిలా కనపడే ఆ స్తంభాలకి గచ్చు పట్టించి, నున్నగా మెరుగు పెట్టిన పనివాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. దొర పేరు చెరిపేయాలని బిల్డింగు కూల్చేస్తే దొర పేరు పుస్తకాల్లో ఎలాగూ ఉంటుంది, పోయేది ఆ పనివాళ్ల చేతిపనే.

అన్నీ అందులోనే నడపాలని నేను అనను. కెమిస్ట్రీ ల్యాబు అక్కడ పెట్టకూడదు, ఆసిడ్ పొగలకి సున్నం నిలవదు. వందల మంది ఒకేసారి ఎక్కిదిగే క్లాసులకి ఆ పాత మెట్లు, దూలాలు సరిపోవు. చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయి ఆ పెద్ద మెట్లు ఎలా ఎక్కాలి అన్నది అసలైన ప్రశ్న, దానికి బిల్డింగు మొహం పాడుచేయకుండా పక్క నుంచి ర్యాంపో లిఫ్టో ఏదో ఒకటి వెతకాల్సిందే, "హెరిటేజ్ కదా" అని తప్పించుకుంటే ఒప్పుకోను. వైరింగ్ కొత్తది కావాలి. టాయిలెట్లు కావాలి, కానీ బిల్డింగు లోపల కాదు, బయట, నీళ్ల పైపు ఎంత దూరంగా ఉంటే గోడకి అంత ఆయుష్షు. ఇవన్నీ పోను మిగిలేవి తక్కువేం కాదు. చదువుకునే గదులు, సెమినార్లు, సంగీతం క్లాసులు, చిన్న మ్యూజియం. కొత్త బ్లాకు కావాలంటే క్యాంపస్‌లో ఇంకోచోట కట్టుకోండి, ఎవరొద్దన్నారు. రెండూ ఒకదానికొకటి పోటీ అనుకోవడం దగ్గరే మా ఫ్రెండు లెక్క తప్పింది.

కానీ వాడకం మాత్రం ఆగకూడదు. తాళం వేసిన ఇల్లు తొందరగా పాడవుతుందని మనకి తెలుసు, పొద్దున ఎవరో ఒకళ్లు కిటికీ తెరవాలి, ఎక్కడో చుక్క పడుతుంటే "ఇదిగో ఇక్కడ కారుతోంది" అని అరవాలి. అమ్మాయిలు తిరిగే బిల్డింగులో చుక్క పడ్డ రోజే తెలుస్తుంది. ఏడాదికోసారి పెద్దమనుషులొచ్చి చూసే బిల్డింగులో దూలం విరిగాక తెలుస్తుంది.

2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్లు ఈ రెసిడెన్సీని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టారు. అక్కణ్నించి మళ్లీ తలుపులు తెరిచి జనానికి చూపించే స్థితికి రావడానికి సుమారు ఇరవై ఏళ్లు పట్టింది. చేసినవాళ్లకి దండం, నిజంగా. కానీ ఆ ఇరవై ఏళ్ల పని ఎందుకు అవసరమైందో ఆలోచిస్తే నాకు ఆ చిన్న కాయితమే గుర్తొస్తుంది. ఇది ఒక్క బిల్డింగు కథ కాదు. పాత ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చి అసెంబ్లీ కడదామంటే 2019లో హైకోర్టు ఆపాల్సి వచ్చింది. కోర్టు కూల్చడం ఆపగలదు. తూములు శుభ్రం చేయించగలదా? కూల్చకపోయినా వాన తన పని తాను చేసుకుపోతుంది, దానికి స్టే ఆర్డర్ వర్తించదు.

నన్నడిగితే ఏ పాత యూనివర్సిటీ బిల్డింగు బాగుచేసినా, ఆ పెద్ద ఎస్టిమేట్‌లోనే ఒక వాటా పక్కకి తీసి బ్యాంకులో వేయాలి, దాని వడ్డీ మీద ఒక మేస్త్రి, ఒక హెల్పరు, ఒక నిచ్చెన, ఒక సున్నం గుంట ఎప్పటికీ ఉండాలి. జీతం ఇచ్చి పెట్టుకోవాలి, టెండర్ పిలిచి కాదు. ఎల్1 వచ్చిన, అంటే అందరికన్నా తక్కువ రేటు కోట్ చేసిన కాంట్రాక్టరు, మా ఆఫీసు లాంటి వాళ్లే అనుకోండి, సున్నం రుబ్బడానికి రోజుల తరబడి ఆగరు, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్, అంటే లోపాలకి వాళ్లే బాధ్యులైన గడువు, అయిపోయాక ఫోను కూడా ఎత్తరు. నేను లోపలి మనిషిని, చెప్తున్నా వినండి. ఆ మేస్త్రి దగ్గరే ప్రతి ఏడాదీ ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ రోజు తాపీ తిరగేసి చూపించిన కుర్రాడు ఇప్పుడు గచ్చిబౌలి వైపు ఎక్కడో టైల్స్ వేస్తున్నాడట, కూలీ ఎక్కువ, రోజూ పని ఉంటుంది.

ఇదంతా గ్రూపులో రాయలేదు గానీ ఒకటి మాత్రం రాశా, రెండు రోజులాగి. మన బ్యాచ్ తరఫున తలా కొంత వేసుకుని, ఎక్కడైనా సరే, ఒక పాత కాలేజీ బిల్డింగుకి ఏటా మే నెలలో పైకప్పు, తూములు శుభ్రం చేయించే ఖర్చు మనం పెట్టుకుంటే ఎలా ఉంటుంది, అక్కడివాళ్లు ఒప్పుకుంటే, అని. పెద్ద మొత్తం కూడా కాదు, చీర ఖరీదు. పదకొండు మంది బొటనవేలు పెట్టారు. ఒకామె సింహాల దగ్గర బెంచీ వేయిద్దాం, మన పేర్లతో, అంది, దానికి ఇరవై ఆరు గుండె బొమ్మలు. ఏసీ బ్లాకు కావాలన్న మా ఫ్రెండు మాత్రం నాకు విడిగా ఫోన్ చేసింది. అంతా విని, కాసేపు ఆగి, "బానే ఉందే, నేనూ వేస్తా. కానీ తూము మీద బోర్డు ఎక్కడ పెడతారే?" అంది.

వెక్కిరింతగా అన్లేదు, నిజంగానే అడిగింది. నేనింకా జవాబివ్వలేదు.